‘మందు పడలేదు’ అంటే చాలదు, దాని పేరు చీటీ మీద ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్ల వైద్యం ఒక్కచోట తెమలదు. పర్లాకిమిడిలో మొదలై పాతపట్నం, శ్రీకాకుళం, కాదంటే బరంపురం దాకా సాగుతుంది. ఊరు మారినప్పుడల్లా కొత్త చీటీ. ఏ యాంటీబయాటిక్ పడలేదు, అప్పుడు ఏమైంది అన్న సంగతి మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

కడుపులో తిప్పినా, విరేచనాలైనా ‘ఆ మాత్ర పడలేదండీ’ అంటాం. గంటలోపే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరాడకపోయినా అదే మాట. మొదటిది అలర్జీ కాదు. రెండోది ప్రాణం తీయగలదు. అప్పుడు ముందుగా పడాల్సింది అడ్రినలిన్: పెద్దవాళ్లకు మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే మందు అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి, లేపి నడిపించకూడదు. అవిల్ (అలర్జీ మందు), డెక్సోనా (స్టెరాయిడ్) సూదులతో సరిపెట్టడం చాలాచోట్ల అలవాటైంది. అవి అడ్రినలిన్ పని చేయలేవు.

ఇక మందు మార్చడం. మాక్స్ పడలేదంటే నోవామాక్స్ ఇస్తే షీటు మారిందే కానీ మందు అదే, అమాక్సిసిల్లిన్. ఆగ్మెంటిన్, క్లావమ్‌లలోనూ అదే, క్లావులానిక్ ఆమ్లం తోడుగా. అమాక్సిసిల్లిన్‌దీ, ఆంపిసిల్లిన్‌దీ ఒకే పెన్సిలిన్ కుటుంబం. సెఫాలెక్సిన్, సెఫాడ్రాక్సిల్ పేర్లు వేరైనా వాటి అణువులోని సైడ్ చైన్ (అణువుకు పక్కన అతుక్కుని ఉండే భాగం) ఈ రెండు మందులలాంటిదే కాబట్టి అవీ వద్దు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్‌ల సైడ్ చైన్ వేరు, ముప్పు చాలా తక్కువ. అయినా వెనక ఊపిరాడని స్థితి వచ్చినవాళ్లకు మొదటి మోతాదు ఆసుపత్రిలోనే పడాలి. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ పూర్తిగా వేరే కుటుంబాలు, కానీ డాక్సీసైక్లిన్ గర్భిణులకు పనికిరాదు. అసలు జలుబుకో వైరల్ జ్వరానికో రాసిన యాంటీబయాటిక్ అయితే, ఆపేస్తే చాలు, బదులు మందు అక్కర్లేదు.

తప్పుగా పడ్డ అలర్జీ ముద్ర కూడా కీడే. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్లను పరీక్షిస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అలర్జీ ఉండదు. నిజంగా ఉన్నవాళ్లలోనూ పదేళ్లకు ఎక్కువమందికి పోతుంది. కీళ్లవాత జ్వరంతో (రుమాటిక్ ఫీవర్) గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ సూదే రక్ష. ఒక వాంతిని అలర్జీగా రాసి ఆ సూది ఆపేస్తే నష్టం ఎవరికి? అందుకే అనుమానం ఉన్నవాళ్లను పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించాలి. అయితే చర్మం బొబ్బలెక్కి ఊడినవాళ్లకు, నోట్లో కళ్లలో పుండ్లు పడ్డవాళ్లకు ఆ మందు మళ్లీ ఎన్నడూ, పరీక్షకైనా సరే, ఇవ్వకూడదు.

జిల్లా ఆసుపత్రి, ఆరోగ్య కేంద్రాల అధికారులకు మా విన్నపం ఇదీ. డిశ్చార్జి చీటీ పైభాగాన ఎర్ర సిరాతో మందు అసలు పేరు, కంపెనీ పేరు, తేదీ, ఎన్నో మోతాదుకు, ఎంతసేపటికి, ఏం జరిగింది, ఆ తర్వాత ఏ మందు పడింది అన్నవి రాయించండి. ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మూడింటిలోనూ ఉంటే ఏటికి అవతల పాతపట్నంలోనూ చదువుతారు. మందు వికటించిన ప్రతి సంగతినీ కేంద్రం నడిపే 1800 180 3024 నంబరుకు చెప్పవచ్చు. రోగి ఇంటివాళ్లు చేసినా తీసుకుంటారు. ఆ నంబరును మందుల షాపుల్లో, వార్డుల్లో గోడ మీద మూడు భాషల్లో రాయించండి.

— ఇద్దరు ఫార్మసిస్టులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా