కేథడ్రల్ పరిరక్షణలో ప్రజల పాత్ర: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

ఈ నెల ఉన్నత తరగతుల పిల్లలు చరిత్ర పాఠాల్లో భాగంగా చారిత్రక కతోలిక కేథడ్రల్‌ల (బిషప్ ఉండే ప్రధాన చర్చిల) పరిరక్షణ గురించి చదువుతున్నారు. ఇంట్లో వారు ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు మీరూ చర్చలో పాలుపంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

2019 ఏప్రిల్ 15న ప్యారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్ పైకప్పు కాలిపోయి, శిఖరం కూలిపోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత సుమారు 150 దేశాల నుంచి దాదాపు 3,40,000 మంది దాతలు 84 కోట్ల యూరోలకు పైగా అందించారు. వడ్రంగులు మధ్యయుగపు పద్ధతిలోనే పచ్చి ఓక్ దుంగలను గొడ్డళ్లతో చెక్కి దూలాలు సిద్ధం చేశారు. 2024 డిసెంబరులో కేథడ్రల్ మళ్లీ తెరుచుకుంది. ఆ ఔదార్యం నిజంగా గొప్పది. అయితే శిథిలమవుతున్న రాళ్ల మరమ్మతుకు, ఆ అగ్నిప్రమాదానికి ముందే, 2017 నుంచే విరాళాలు కోరుతూ వచ్చారన్న సంగతిని కూడా పిల్లలకు చెప్పాలని ఉపాధ్యాయులను ప్రత్యేకంగా కోరాను.

ప్రమాదం జరిగాక స్పందించడం కన్నా ఏళ్ల తరబడి ఆదుకోవడం ముఖ్యం, అందుకే జర్మనీలోని కొలోన్ కేథడ్రల్ ఉదాహరణ నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. 1248లో మొదలై, పదహారో శతాబ్దంలో ఆగిపోయి, దాదాపు మూడు వందల ఏళ్లు అసంపూర్తిగా ఉండిపోయిన ఆ కేథడ్రల్‌ను పూర్తి చేయడానికి 1842లో పౌరులు సంఘంగా ఏర్పడి చందాలు పోగుచేశారు. అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం తన వంతు భరించగా 1880లో నిర్మాణం ముగిసింది. సంఘం మాత్రం అంతటితో ముగిసిపోలేదు, నేటికీ నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం మోస్తోంది.

పాత రాతి కట్టడానికి ముఖ్య శత్రువు నీరు. ఆకులు పేరుకుని పైకప్పు తూము పూడుకుపోతే, వాననీరు ఎవరికీ కనబడకుండా గోడలోకి దిగుతుంది. పగులు కనబడగానే సిమెంటు పూస్తే మేలు కన్నా కీడే ఎక్కువ, ఎందుకంటే సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, చివరికి మెత్తని రాయి పెచ్చులుగా రాలిపోతుంది. కనుక విరాళం ఇచ్చేవారు ఏ సామగ్రి వాడుతున్నారో, ఎవరి సలహాతో వాడుతున్నారో అడగడం కూడా తోడ్పాటే అని నా అభిప్రాయం.

ఈ పాఠం పేరిట పిల్లల నుంచి ఎలాంటి రుసుమూ వసూలు చేయడం లేదు. మీలో తాపీ పని, వడ్రంగం, అద్దాల పని లేదా పాత కట్టడాల మరమ్మతు తెలిసినవారు, ఏ మతం వారైనా సరే, తరగతికి వచ్చి పిల్లలకు తమ పనిముట్లు చూపించగలిగితే దయచేసి తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు