పార్కు రేడియో గదుల తాళాలు తీయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన పట్టణాల్లో పాత మున్సిపల్ పార్కులకు వెళ్తే మధ్యలో ఒక చిన్న గది కనబడుతుంది. నెత్తిన నాలుగు దిక్కులకూ నాలుగు బాకాలు, లోపల గోడకు ఒక చెక్క అర. అదే రేడియో గది. సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా దాని చుట్టూ గడ్డి మీద కూర్చుని వార్తలు, పాటలు వినేది. ఇప్పుడు చాలా చోట్ల ఆ గదిలో పారలు, నీళ్ల పైపులు పడేస్తున్నారు. కొన్నిటిని సుందరీకరణ పేరుతో పడగొట్టేస్తున్నారు. వాటిని పడగొట్టకుండా మళ్లీ మోగించాలని, అది ఎలా చెయ్యాలో కూడా చెప్పాలని ఈ లేఖ.

జనం కూడే చోట రేడియో పెట్టడం ఇవాళ్టి ఆలోచన కాదు. మద్రాసు కార్పొరేషన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఉన్న సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పుట్టింది. ఆ ఏడు జులై 31న 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారం మొదలుపెట్టింది. బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ గొంతు విప్పింది 1927 జులై 23న, అంటే మద్రాసు తర్వాత మూడేళ్లకు. డబ్బు చాలక క్లబ్బు 1927లోనే మూతపడింది. ట్రాన్స్‌మిటర్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషన్ తానే రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా సంగీతం వినిపించింది. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టింది. ఆ రోజుల్లో రేడియో సెట్టు కొనగలిగినవాళ్లు ఎందరు? లైసెన్సుకే ఏడాదికి పది రూపాయలు. సెట్టు లేనివాడికీ పాట అందాలని ఒక మున్సిపాలిటీ అనుకుంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చేదాకా ఆ పని చేసింది. వీధిదీపాలు, మంచినీళ్లతో పాటు సాయంత్రపు సంగీతం కూడా పురపాలనలో భాగమేనని మన కమిషనర్లకు గుర్తుచెయ్యడానికే ఇదంతా రాశాను.

ఆ సాయంత్రాల్లో ఉన్న వైవిధ్యమే అసలు సంగతి. నాదస్వరం, గాత్ర కచేరీ, వీణ, హరికథ, నాటక పద్యాలు, పిల్లల పాటలు, దొరల కోసం పాశ్చాత్య సంగీతం, మధ్యమధ్య గ్రామఫోను రికార్డులు, అన్నీ ఒకే కేంద్రం నుంచి వచ్చేవి. హైదరాబాదులో 1935 ఫిబ్రవరి 3న మొదలైన నిజాం దక్కన్ రేడియో గజళ్లు, కవ్వాలీలు వినిపించింది. అదీ 200 వాట్ల శక్తితోనే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాక బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివారి చేతిలో భక్తిరంజని, లలిత సంగీతం తెలుగువాళ్ల చెవికి రోజువారీ అలవాటయ్యాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగానే ఇంటింటికీ తెలుసు. నేడు ఎవరి చెవిలో వాళ్లకు నచ్చిన ఒకే రకం పాట మోగుతోంది. పక్కవాడికి ఇష్టమైనదీ మనం వినాల్సి రావడంలో ఒక సంస్కారం ఉంది. పార్కు రేడియో దాన్ని ఏ ఖర్చూ లేకుండా నేర్పింది.

టేపు రాకముందు స్టూడియోలో అంతా ప్రత్యక్షంగానే జరగాలి. తొలినాళ్లలో కార్బన్ మైకు. దానిలో కార్బన్ పలుకులు కదిలి సన్నటి సుయ్‌మనే చప్పుడు పాట వెనక ఎప్పుడూ ఉండేది. ఒకే మైకు పెట్టి పాడించినప్పుడు ఎవరి ధ్వని ఎంత వినబడాలో తేల్చేది వాళ్లు కూర్చున్న దూరమే. గాయకుడు దగ్గర, వయొలిన్ కొంచెం పక్కకు, మృదంగం బాగా వెనక్కి. మృదంగాన్ని ఒక చాప ముందుకు జరిపితే చాలు, గొంతు మునిగిపోయేది. గడియారం చూసి పల్లవి ముగించాలి. మరో కట్టుబాటు: 1940 మార్చి 1 నుంచి మూడు దశాబ్దాలు ఆలిండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియోలోకి రానివ్వలేదు. మన పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణం. రేడియోలో పద్యం వేరే వాద్యాల మీద ఒదగాల్సి వచ్చింది. గ్రామఫోను రికార్డులో పద్యం, రేడియోలో పద్యం వేరుగా వినబడడానికి ఇదొక కారణం. పార్కులో రెండూ పక్కపక్కన వినిపిస్తే కొత్తవాళ్లకు తేడా తెలుస్తుంది.

ఇక పని సంగతి. మళ్లీ నాలుగు బాకాలు బిగించి ఊరుకుంటే జనం రెండోరోజే ఫిర్యాదు చేస్తారు, అది న్యాయం కూడా. బాకా ప్రసంగానికి పుట్టింది. మూడు వందల హెర్ట్జ్ కింది ధ్వని దానిలో దాదాపు రాదు. మృదంగం ఎడమ మూత గుంకారం, తంబురా నిండుతనం అక్కడే పోతాయి. మిగిలేది చెవిలో గుచ్చుకునే మోత. ఎకరం పార్కుకు ఆరు చిన్న కాలమ్ స్పీకర్లు, అంటే సన్నటి నిలువు పెట్టెల్లాంటివి, మనిషి తల కన్నా కొంచెం ఎత్తులో, బెంచీల వైపు కొంచెం వంచి పెట్టాలి. ఒక్క పెద్దదాన్ని గట్టిగా పెట్టడం కంటే ఆరింటిని మెల్లగా పెట్టడం మేలు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. యాభై మీటర్ల దూరంలో ఉన్న స్పీకరు గొంతు సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చెవికి చేరుతుంది. దూరపు స్పీకరు గట్టిగా మోగితే ప్రతి మాటా రెండుసార్లు వినబడేది అందుకే.

తీగ దగ్గర జరిగే తప్పు ఇంకా పెద్దది. ఎనిమిది ఓముల స్పీకరును వంద మీటర్ల దూరాన ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగతో నేరుగా కలిపితే, పోను రాను తీగ నిరోధమే దాదాపు 3.4 ఓములు. స్పీకరుకు అందాల్సిన శక్తిలో సగమే అందుతుంది. అందుకని 100 వోల్టుల లైను పద్ధతి, అంటే వోల్టేజీ పెంచి కరెంటు తగ్గించి పంపే పద్ధతి, వాడాలి. ప్రతి స్పీకరు వెనక చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్, దాని ట్యాపింగు, అంటే స్పీకరు ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే చోటు, 10 వాట్ల దగ్గర. ఆరు స్పీకర్లకు 60 వాట్లు, కనుక యాంప్లిఫయరు 80 వాట్లకు తగ్గకూడదు. ఈ పద్ధతిలో అదే తీగలో పోయే నష్టం నూటికి నాలుగు పాళ్లయినా ఉండదు. స్పీకర్ల ప్లస్సు, మైనస్సు అన్నిటికీ ఒకే వరసలో కలపాలి. పక్కపక్కనున్న రెండింటిలో ఒకటి తిరగేస్తే మధ్యలో కూర్చున్నవాడికి కింది స్వరాలు పలచబడిపోతాయి. చాలామంది స్పీకరు పాడైందనుకుని మారుస్తారు, తప్పు తీగలో ఉంటుంది.

ఇప్పుడు మీడియం వేవ్ స్టేషను పట్టడానికి పెద్ద శత్రువు ఎల్‌ఈడీ దీపాలు. వాటి డ్రైవర్లు, అంటే దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్లు, బర్రుమనే చప్పుడు చిమ్ముతాయి. సాయంత్రం ఆరున్నరకు దీపాలు వెలగగానే స్టేషను మునిగిపోతే రేడియోను తిట్టి లాభం లేదు. ఏరియల్ తీగ పది పదిహేను మీటర్లు, దీపస్తంభాలకు దూరంగా చెట్ల మీదుగా లాగాలి. గదిలోకి కవచం ఉన్న తీగతో తేవాలి. ఏరియల్‌కు ఎర్తు కడ్డీ దిగెయ్యాలి. చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు మీద పడతాయి, అది ఆకాశం చేసే పని. అందుకని ఎఫ్‌ఎం, లేదంటే ఆకాశవాణి యాప్ ప్రసారం పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. వానాకాలానికి ముందు స్పీకరు డబ్బాల అడుగున చిన్న బెజ్జం ఉందో లేదో చూడాలి. లేకపోతే నీళ్లు నిలిచి కాయితపు కోను మెత్తబడి చిరుగుతుంది.

వారానికి ఒక రోజు పాత 78 రికార్డుల, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల, సాయంత్రం పెట్టమని నా విన్నపం. వాటిని నేరుగా పార్కులో తిప్పవద్దు. ఒకసారి శుభ్రంగా కంప్యూటరులోకి ఎక్కించి ఆ ఫైలు వాడాలి. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటరులో చుక్క ద్రవ సబ్బు వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంట తిప్పి, లేబులు తడవకుండా కడగాలి. ఎల్పీ ముల్లు వాడకూడదు. దాని కొన 25 మైక్రాన్లకు మించదు, 78 గాడికి 65 నుంచి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నముల్లు గాడి అడుగుకు దిగి మట్టిని గీరుతుంది, పాట ఉన్నది గోడల మీద. వేగం కూడా చూసుకోవాలి. 1920ల రికార్డులన్నీ సరిగ్గా 78లో కోసినవి కావు. వేగం 73.6కు తగ్గితే శ్రుతి అరమెట్టు దిగుతుంది, అయిదున్నర శ్రుతి గొంతు అయిదుకు వస్తుంది. పద్యాల రికార్డులో హార్మోనియం ఉంటే పని తేలిక. దాని స్వరం రెండు మెట్ల మధ్య ఎక్కడో పడితే వేగం అనుమానించాలి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఒకటి దాచిపెట్టి, చప్పుడు తీసేసే పని దాని నకలు మీదే చెయ్యాలి. చప్పుడు మరీ తీసేస్తే వయొలిన్ కమానుగీత కూడా పోతుంది. ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ మీద అలాంటి ప్రయోగం చెయ్యవద్దు.

చట్టం అడ్డు రాదు, కొంచెం జాగ్రత్త చాలు. సౌండ్ రికార్డింగు హక్కు ప్రచురణ తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1950ల దాకా వచ్చిన రికార్డుల వరకు ఆ చిక్కు తీరిపోయింది. పాట రాసినవారి హక్కు మాత్రం వేరు, వారి మరణం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. త్యాగరాజు, క్షేత్రయ్య, రామదాసు, అన్నమయ్య రచనలకు ఆ మాటే లేదు. మొదలు వాటితో పెట్టుకోవచ్చు. ఆకాశవాణి ప్రసారం వినిపించడానికి టికెట్టు పెట్టకూడదు, స్థానిక కేంద్రానికి ముందే ఉత్తరం రాసుకోవడం మర్యాద. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మోగించకూడదు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్. పార్కు గోడ అవతల నిలబడి కొలవాలి, గది దగ్గర కాదు. శబ్దం కొలిచే మీటరు మున్సిపాలిటీయే కొని ఆపరేటరు చేతికివ్వాలి.

ఈ పని మొదలుపెట్టడానికి ఆంధ్రలో డిసెంబరు 1, తెలంగాణలో ఫిబ్రవరి 3 మంచి తేదీలు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక్క పార్కు, రోజుకు అయిదున్నర నుంచి ఏడున్నర, రెండు గంటలకు జీతం మీద ఒక ఆపరేటరు, ఏ రోజు ఏం వినిపించారో రాసే ఒక పుస్తకం. ఇంతకు మించి అడగడం లేదు. కమిషనర్లు ముందుగా చెయ్యాల్సింది ఒకటే: తమ ఊరి రేడియో గది తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కోవడం.

ఇట్లు,
రేడియో, యాంప్లిఫయరు పని తెలిసిన ఒక పాఠకుడు,
తెనాలి