మీ రైటర్ ఎవరని అడిగారు: రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను గుంటూరు జిల్లాలోని ఒక పట్టణంలో కళాశాల అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. గత సంవత్సరం మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఒక పాత డాబా ఇంటిని, మధ్యలో ఏ ఏజెంటూ లేకుండా, యజమానురాలి దగ్గరే 58 లక్షల రూపాయలకు కొన్నాను. ఇల్లు అమ్ముతున్నారన్న సంగతి పాలు పోసే ఆమె చెప్పగా తెలిసింది. బేరం రెండు సాయంత్రాల్లో తేలిపోయింది. రిజిస్ట్రేషన్ పూర్తి కావడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది. ఇల్లు వెతుక్కోవడానికి జనానికి ఇప్పుడు ఏజెంటు అంతగా అక్కర్లేదని, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న సమాచారాన్ని బయటికి తెచ్చుకోవడానికే అతను కావలసివస్తోందని ఆ ఐదు నెలల్లో నాకు తెలిసివచ్చింది. ఆ సంగతి మీకు విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇల్లు అమ్మినావిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఇల్లు ఆమె భర్త పేరు మీద ఉండేది. ఆయన కాలం చేసి ఆరేళ్లయింది. మొదటి రోజునే ఆమె బీరువాలోంచి ఒక గుడ్డసంచీ తెచ్చి నా ముందు పెట్టి, "బాబూ, నాకు తెలిసిందంతా దాచకుండా చెబుతాను, తెలియనిది మాత్రం మీరే కనుక్కోవాలి" అన్నారు. అందులో 1986 నాటి క్రయ దస్తావేజు, దానికి ముందు 1974 నాటి లింకు దస్తావేజు, పురికొసతో కట్టిన ఇంటిపన్ను రసీదులు ఉన్నాయి. 1986 దస్తావేజులో నాలుగు సెంట్ల ఖాళీ స్థలం, అంటే 193.6 చదరపు గజాలు అని రాసి ఉంది. తూర్పు హద్దు "మునిసిపల్ పుంత" అని, ఉత్తరపు హద్దు ఫలానా వారి పెంకుటిల్లు అని ఉంది. ఈరోజు ఆ పుంత సిమెంటు రోడ్డయింది, పెంకుటిల్లు మూడంతస్తుల మేడయింది. ఇద్దరం టేపు పట్టుకుని కొలిస్తే స్థలం 186 గజాలే వచ్చింది. ఏడున్నర గజాలు రోడ్డు వెడల్పులో పోయి ఉంటాయని ఆమే ముందుగా చెప్పి, ఆ మేరకు ధర తగ్గించారు. కాగితం మీద విలువ తక్కువ చూపించి మిగతాది నగదుగా తీసుకోమని బంధువు ఒకాయన సలహా ఇస్తే ఆమె ఒప్పుకోలేదు. ఇంతటి నిజాయితీపరురాలు అమ్ముతున్నా కొనేవాడికి ఇన్ని చిక్కులు వచ్చాయంటే, అమ్మేవాడు అబద్ధాలాడేవాడైతే ఏమయ్యేదో మీరే ఊహించగలరు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వంటి నమోదులను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. 1998లో కార్డ్ పథకంతో మన రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చినప్పుడు రోజుల తరబడి పట్టే ఈసీ నిమిషాల మీద చేతికి రావడం చూసి ఇతర రాష్ట్రాల వారు సైతం మెచ్చుకున్నారు. 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇది చిన్న మేలు కాదు. నేనూ అలాగే ప్రస్తుత డోర్ నంబరుతో వెతికాను. ఎలాంటి లావాదేవీలూ లేవని వచ్చింది. సంతోషించి బయానా ఇచ్చేవాడినే. కానీ 1986లో ఆయన కొన్న దస్తావేజు కూడా అందులో కనిపించకపోవడంతో అనుమానం వచ్చింది. ఆ దస్తావేజు ఖాళీ స్థలానిది కనుక దానికి సర్వే నంబరే తప్ప డోర్ నంబరు లేదు. సర్వే నంబరుతో వెతికితే ఆ లేఅవుట్ మొత్తానికి చెందిన అరవై ఒక్క నమోదులు వచ్చాయి. వాటిలో ఈ ఇంటిది ఏదో హద్దులను బట్టి ఒక్కొక్కటీ చదివి పోల్చుకోవలసి వచ్చింది. ఆ తరువాత, మునిసిపాలిటీ వారు ఇంటి నంబర్లు మార్చకముందు ఉన్న పాత డోర్ నంబరు ఇంటిపన్ను రసీదుల్లో దొరికింది. దానితో మూడోసారి వెతికితే, 2003లో ఒక సహకార సంఘానికి ఆ ఇంటిని తనఖా పెట్టినట్టు నమోదు కనిపించింది. విడుదల దస్తావేజు ఎక్కడా లేదు.

టీచరు గారికి ఆ అప్పు గుర్తుంది. తీర్చిన సంగతీ గుర్తుంది. ఆఖరి వాయిదా రసీదు ఆ గుడ్డసంచీలోనే ఉంది. అప్పు తీరిపోయినా తనఖా విడుదలను రిజిస్టరు చేయించాలని ఆ దంపతులకు ఎవరూ చెప్పలేదు. ఆ సంఘం చేత విడుదల దస్తావేజు రాయించడానికే మాకు ఏడు వారాలు పట్టింది. ఒకే ఇంటికి మూడు నంబర్లు, మూడు ఈసీలు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తీసుకున్నా అది పూర్తి నిజం చెప్పదు. ఈ మూడు నంబర్లూ ఒకే ఇంటివన్న సంగతి మునిసిపాలిటీ రికార్డుల్లో ఉంది, మీ శాఖ రికార్డుల్లో లేదు. అనుభవమున్న ఏజెంటుకు ఈ కిటుకు తెలుసు కనుక అతను ఇటు ఒక శాతం, అటు ఒక శాతం తీసుకోగలుగుతున్నాడు. అతన్ని నేను తప్పుపట్టడం లేదు, తెలిసిన పనికి కూలి తీసుకుంటున్నాడు. అయితే ప్రభుత్వ రికార్డును సరిగ్గా చదవడం ఒక రహస్య విద్య కాకూడదు.

వారసుల సంగతి మరొకటి. భర్త పోయాక ఇల్లు భార్యదే కదా అని ఆమె, నేను ఇద్దరం అనుకున్నాం. వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యతో పాటు కొడుక్కీ కూతురికీ సమాన వాటా ఉంటుందని, ముగ్గురూ సంతకం చేయకపోతే నాకు వచ్చేది మూడో వంతు ఇల్లేనని ఒక న్యాయవాది మిత్రుడు చెప్పి కాపాడారు. కూతురు విశాఖపట్నం నుంచి వచ్చారు. కొడుకు అమెరికాలోని డాలస్‌లో ఉంటారు కనుక ఆ దేశంలోని భారత కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించిన జీపీఏను, అంటే తన తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పత్రాన్ని, తల్లి పేర పంపారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలన్న నిబంధన కూడా మాకు గడువు దగ్గరపడ్డాకే తెలిసింది. విదేశంలో ఉన్నవారి వాటాకు ఆదాయపు పన్ను వేరే లెక్కన మినహాయించాలని, ఇక్కడి వారికి వర్తించే ఒక్క శాతం అక్కడ చెల్లదని ఆడిటరు చెప్పారు.

జీపీఏ అన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ రాష్ట్రంలో "ఓనరు" అని చెప్పుకుని ఇల్లు చూపించేవారిలో ఎందరో జీపీఏ పట్టుకున్నవారే. క్రయ దస్తావేజులు రిజిస్ట్రేషన్ కార్యాలయంలోని మొదటి పుస్తకంలో నమోదవుతాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం వాటిని ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. జీపీఏలు సాధారణంగా నాలుగో పుస్తకంలోకి వెళతాయి. వాటి నకలు సంబంధిత పక్షాలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. అంటే, నా ముందు పెట్టిన జీపీఏ నిన్ననే రద్దయిందో లేదో తెలుసుకునే దారి కొనేవాడికి లేదు. ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారం కూడా పోతుంది, అదీ ఏ కాగితం మీదా కనిపించదు. జీపీఏలోని వివరాలన్నీ బయటపెట్టమని నేను కోరడం లేదు. నంబరు, సంవత్సరం చెబితే "అమలులో ఉంది" లేదా "రద్దయింది" అన్న ఒక్క మాట చెప్పే ఏర్పాటు చాలు.

అన్నీ సిద్ధం చేసుకుని, మీ శాఖే ప్రజల కోసం పెట్టిన నమూనా దస్తావేజును చూసి క్రయ దస్తావేజు నేనే తయారుచేసుకున్నాను. రెండు రాత్రులు కూర్చుని హద్దులు, కొలతలు, వారసుల వివరాలు తప్పులు లేకుండా రాసుకుని, ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేసుకుని, ఇద్దరు సాక్షులతో కార్యాలయానికి వెళ్లాను. బల్ల దగ్గర కాగితాలు ఇవ్వగానే అడిగిన మొదటి ప్రశ్న, "మీ రైటర్ ఎవరు?" అంటే, డబ్బు తీసుకుని దస్తావేజు రాసిపెట్టే లేఖరి ఎవరని. ఎవరూ లేరు, నేనే రాసుకున్నానని చెప్పాను. కాగితాలు తెరవకుండానే పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న షాపులో రాయించుకుని రమ్మన్నారు. నా వెనక కుర్చీలో డెబ్బై ఒక్క ఏళ్ల టీచరు గారు ఉదయం తొమ్మిదిన్నర నుంచి కూర్చుని ఉన్నారు. ఆ రోజు పని జరగలేదు. మర్నాడు అదే దస్తావేజు, ఒక్క అక్షరం మారకుండా, ఒక రైటరు చేతి మీదుగా లోపలికి వెళ్లి మధ్యాహ్నానికి వేలిముద్రలు, ఫొటోల దాకా వచ్చింది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఒక ఉద్యోగిని శిక్షించడం వల్ల తీరే సమస్య కాదు ఇది.

ఆ రోజు నేను ప్రభుత్వానికి చెల్లించింది స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం చొప్పున 4,35,000 రూపాయలు. ఏజెంటు ఉండి ఉంటే నా వైపు నుంచి 58 వేలు తీసుకునేవాడు. అతనికన్నా ఏడు రెట్లకు పైగా తీసుకున్న ప్రభుత్వం, అతను చెప్పే నాలుగు మాటలు కూడా నాకు చెప్పలేదు.

దీనికి జవాబుగా ఒక వాదన వినిపిస్తుందని తెలుసు. హక్కు ఎవరిదో తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదన్నది ఆ వాదన. నిజమే, తమిళనాడుకు చెందిన ఒక నియమాన్ని కొట్టివేస్తూ 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మన రాష్ట్రంలో భూహక్కుల చట్టం వచ్చి, 2024లో రద్దయిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వివాదంలోకి నేను వెళ్లడం లేదు. హక్కు తేల్చమని కాదు, ఇప్పటికే మీ దగ్గరా పక్క శాఖల దగ్గరా ఉన్న కాగితాన్ని డబ్బు కట్టకముందే కొనేవాడికి చూపించమని అడుగుతున్నాను. ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు ఒక్కటి ఇస్తే, ఆ ఇంటికున్న పాత, కొత్త డోర్ నంబర్లు, సర్వే నంబరు, వాటన్నిటి కింద ఉన్న ఈసీ నమోదులు, పన్ను బకాయిలు, ప్లాను మంజూరు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో అన్నీ ఒకే పత్రంలో రావాలి. 22-ఏ జాబితా సర్వే నంబరు మీద నడుస్తుంది, మనిషి డోర్ నంబరుతో బతుకుతాడు. ఈ రెండిటికీ లంకె లేక ఎన్ని కుటుంబాలు తమ ఇల్లు ఆ జాబితాలో ఉందని అమ్మబోయిన రోజునే తెలుసుకుంటున్నాయో మీ కార్యాలయానికి వచ్చే అర్జీలే చెబుతాయి. 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలోనే ఈ పత్రం ఇవ్వవచ్చు. తగిన రుసుము తీసుకోండి, సంతోషంగా కడతాం.

ఇంకా రెండు పనులకు చట్ట సవరణ కావాలి. ఇంటి దస్తావేజులను బ్యాంకు చేతికి ఇచ్చి అప్పు తీసుకుంటే, ఆ ఇవ్వడంతోనే తనఖా ఏర్పడుతుంది. దాన్ని రిజిస్టరు చేయించాలన్న నిర్బంధం లేనందున అన్నిసార్లూ అది ఈసీలోకి ఎక్కదు. మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ చట్టానికి 89-బి సెక్షను చేర్చి, అలాంటి తనఖా సమాచారాన్ని ముప్పై రోజుల్లో రిజిస్ట్రారుకు తెలియజేయాలని నిర్బంధం పెట్టారు. అలాగే కోర్టులో నడుస్తున్న దావా సంగతి మన ఈసీలో కనిపించదు, కానీ ఆ దావా తీర్పు కొన్నవాడికీ వర్తిస్తుంది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా వేసినవారు ఆ నోటీసును రిజిస్టరు చేయిస్తేనే అది కొనుగోలుదారును కట్టిపడేసేలా ఆస్తి బదిలీ చట్టాన్ని ఎప్పుడో సవరించుకున్నారు. ఈ విషయాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలోవి. మన శాసనసభ తలచుకుంటే చేయగలిగినవే.

అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను కొనేవారికి చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను 1882 నుంచీ చెబుతూనే ఉంది. దానికొక ఫారం మాత్రం లేదు. వారసులెవరు, అప్పులున్నాయా, దావాలున్నాయా, నేల మీద కొలత ఎంత, అద్దెకున్నవారెవరు అన్న ప్రశ్నలతో ఒక పేజీ ప్రకటనను దస్తావేజుకు జతచేయడం తప్పనిసరి చేయండి. టీచరు గారు ఎవరూ అడగకుండానే ఇవన్నీ చెప్పారు; అడిగితే చాలామంది చెబుతారు, అబద్ధం చెప్పినవారు సంతకానికి కట్టుబడి ఉంటారు.

చివరగా, ప్రతి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనూ రైటరు లేకుండా వచ్చినవారి కాగితాలు తీసుకోవడానికి ఒక బల్ల, ఒక ఉద్యోగి ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. దస్తావేజును తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని అందులో చేర్చండి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, మీ సంతకం చాలు. ఒకే ఇంటికి వచ్చిన మూడు ఈసీల నకళ్లను, వ్యక్తుల వివరాలు కొట్టివేసి, ఈ లేఖ ప్రతితో మీ కార్యాలయానికి పంపుతున్నాను. వాటిని పక్కపక్కన పెట్టి చూడమని మీ అధికారులకు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
గుంటూరు జిల్లాకు చెందిన ఒక ఇంటి కొనుగోలుదారు