న్యాయ సహాయ విభాగం ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మూడు విన్నపాలు పంపాను, జవాబు రాలేదు. అందుకే ఈ నాలుగోదాన్ని పదిమంది ముందు పెడుతున్నాను.

మా పక్కింటి ఆవిడ భర్తను కోల్పోయి, కుట్టుపనితో బతుకుతున్నారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ముంబయిలో ఉద్యోగం చేసే మరిది ఆమె పేరిట షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచి షేర్లు కొన్నాడు. ఇన్‌సైడర్ ట్రేడింగ్, అంటే కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్ల లావాదేవీ చేశారంటూ సంజాయిషీ నోటీసు మాత్రం ఆమెకు వచ్చింది. అంతా ఇంగ్లిషు. ఆమెకు తెలుగు వచ్చు, బజారుకు సరిపడా ఒడియా వచ్చు. ఆ కాగితాలను కుట్టుమిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద దాచారు. ఎవరైనా రవిక కుట్టించుకోవడానికి వస్తే ముందు సొరుగు మూస్తారు.

షేర్ మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ. దాని చట్టం 15జి సెక్షన్ ఈ నేరానికి చెప్పే కనీస జరిమానా 10 లక్షల రూపాయలు. సెబీ ఉత్తర్వుపై అప్పీలుకు గడువు 45 రోజులు, ఆ అప్పీలు వినే ట్రిబ్యునల్ ఉన్నది ముంబయిలో. కేవలం బంధుత్వాన్ని బట్టి రహస్య సమాచారం చేరిందని అనుకోరాదని బలరాం గార్గ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆమె తరఫున ఎవరు చెబుతారు?

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళల ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు. అందులో ‘కోర్టు’ అంటే ట్రిబ్యునళ్లు కూడా. షేర్ల గొడవకు సహాయమా అని నవ్విన మీ సిబ్బంది ఆ చట్టం చదివినట్టు లేదు.

సెక్యూరిటీల చట్టం తెలిసిన న్యాయవాదిని పదిహేను రోజుల్లో నియమించండి. నోటీసుకు తెలుగు అనువాదం ఇప్పించండి. కాదంటే కారణం రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు