పుంత వెడల్పు చూసి బండి కొను, బావా

అంబాజీపేట,
కనుమ వెళ్ళిన నాలుగో రోజు

ఒరే బావా,

తోటకి కొంటానన్న సైడ్-బై-సైడ్ బండి, అదే ఇద్దరు పక్కపక్కన కూర్చుని బురదలో, గట్ల మీద తిప్పే నాలుగు చక్రాల బండి, దాని గురించి రాసిన ఉత్తరం, దాంతోపాటు ఫొటోలూ అందాయి. ఎర్రరంగు, పొడుగాటి షాక్ అబ్జార్బర్లు, 200 హార్స్‌పవరు! జగ్గన్నతోట తీర్థంలో ప్రభల వెనక ఊరేగించడానికైతే భేషుగ్గా ఉంటుంది. కానీ దాని వెడల్పు 72 అంగుళాలు, నిండా ఆరడుగులు. మీ తోటకి పోయే పుంతకి ఒకపక్క పంటబోదె, ఇంకోపక్క కంచె. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే ఎటు తప్పుకుంటావు? ఆ స్పోర్ట్ బళ్ళు ఎడారి దిబ్బల మీద ఎగిరి దూకడానికి కట్టినవి. మన గట్ల మీద గంటకి 25 కిలోమీటర్లు దాటితే పక్కనున్నవాడు దిగిపోతానంటాడు. ఆ పవరు ఖర్చుపెట్టే చోటు ధవళేశ్వరం దిగువన ఎక్కడా లేదు.

యుటిలిటీ రకం చూడు. వెనక పెట్టె ఉండేది, లో గేరులో నిదానంగా పాకేది. వీటిలో 50 అంగుళాల సన్నబళ్ళున్నాయి, 60 నుంచి 64 అంగుళాలవి ఉన్నాయి. సన్నది ఎక్కడైనా దూరుతుంది గానీ, ఏటవాలు గట్టు మీద బరువేసుకుంటే తొందరగా ఒరిగిపోతుంది. పోలారిస్ రేంజర్ 1000 లాంటిది 62 అంగుళాల పైచిలుకు వెడల్పు, పెట్టెలో 450 కిలోల దాకా మోస్తుంది. ఒలవని కాయ కిలో పైమాటే కాబట్టి 300 కాయలు వేశావంటే ఆ హద్దుకి దగ్గరపడ్డట్టే. పెట్టె నిండా బరువుంటే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు, అది గుర్తుపెట్టుకో. గట్టు పైభాగం ఎనిమిదడుగులకి తగ్గకపోతే 62 తీసుకో, తగ్గితే 50తో సరిపెట్టుకుని పెట్టెలో సగమే వెయ్యి. నా మొగ్గు మాత్రం మొదటిదానికే.

ఇక లోపలి సంగతి. ఈ బళ్ళలో చాలావాటికి గేర్‌బాక్స్ ముందు సీవీటీ ఉంటుంది, అంటే రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టుతో వేగాన్ని తనంతట సర్దే ఏర్పాటు. బెల్టుని చంపేది వేడి. బరువేసుకుని, బురదలో, హై గేరులో నెమ్మదిగా ఈడిస్తే బెల్టు పుల్లీ మీద జారుతుంది, జారితే కాలుతుంది. 20 లోపు వేగంలో వెళ్తున్నప్పుడు, ట్రైలరు లాగుతున్నప్పుడు, బురదలో దిగేముందు లో గేరు వేసెయ్యి. బెల్టు ఆయుష్షులో సగం ఆ ఒక్క అలవాటు మీదే ఉంటుంది. బెల్టు బాధే వద్దనుకుంటే కుబోటా డీజిల్ బళ్ళున్నాయి. ఆర్‌టీవీ ఎక్స్ వరసలో 1,123 సీసీ ఇంజను, 25 హార్స్‌పవరు లోపే, ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ గేరు. పరిగెత్తదు గానీ దున్నపోతులా లాగుతుంది. హోండా పయనీర్ 1000లో అయితే బెల్టు బదులు కారు తరహా డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్.

డీజిల్ మాట ఎందుకెత్తానంటే, పెట్రోలుతో ఇంకో చిక్కుంది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఈ బళ్ళ మాన్యువల్స్ చాలావాటిలో 10 శాతం దాకానే అని రాసుంటుంది. కొనేముందు ఆ పేజీ తెరిచి చూడు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వానాకాలమంతా షెడ్డులో సగం టాంకుతో నిలబెడితే అడుగున నీళ్ళు వేరుపడి, దసరాకి నువ్వొచ్చి సెల్ఫ్ కొడితే ఇంజను దగ్గుతుంది. నిలబెట్టేముందు టాంకు నిండా నింపించు, లేదా పూర్తిగా తీయించెయ్యి.

కాగితాల విషయం డీలరు తనంతట తను ఎత్తడు. రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషన్ అవుతుందా, ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (రోడ్డుకి పనికొస్తుందన్న పత్రం) ఇస్తాడా అని రాతపూర్వకంగా అడుగు. ఇవ్వనంటే అది తోటల్లో, సొంత దార్లలో తిరిగే బండే. రావులపాలెం హైవే ఎక్కించాలంటే ఇంకో బండి మీద ఎక్కించుకుపోవాల్సిందే. టాటా ఏస్‌కి పొడవు చాలదు, పెద్ద బొలెరో పికప్‌ని టేపుతో కొలిచి మాట్లాడుకో. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించినా, కోటిపల్లి దగ్గర ఎక్కించినా హ్యాండ్‌బ్రేకు ఒక్కదాన్నీ నమ్మకు, నాలుగు చక్రాలకీ చెక్క దిమ్మలు అడ్డం పెట్టు. స్పేర్లు రాజమండ్రికి ఎన్ని రోజుల్లో వస్తాయో కూడా అడుగు. బెల్టు నెలరోజులకి గానీ రాదంటే బేరం అక్కడితో ఆపెయ్యి.

కాలవగట్టు సంగతి కాస్త వివరంగా రాస్తాను, మన దగ్గర బండి పోయేది అక్కడే. ఎండాకాలం కాలవలు కట్టేశాక గట్టు గట్టిపడింది కదా అని అంచుదాకా వెళ్ళకు. కాలవ నిండుగా ఉన్నంతకాలం నీళ్ళు గట్టుని లోపలినుంచి ఆనుకుని నిలబెడతాయి. ఒక్కసారిగా నీళ్ళు దిగిపోతే ఆ ఆసరా పోతుంది, మట్టిలో తడి మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అప్పుడే పెళ్ళలు జారేది. దిగి నడిచి చూడు: అంచుకి రెండు మూడడుగుల ఇవతల, కాలవకి సమాంతరంగా జానెడు పొడవు బీటలు కనిపిస్తాయి. పైన దుమ్ము కప్పేసి ఉంటుంది, చెప్పుతో తుడిస్తే బయటపడుతుంది. ఆ బీటకి అవతల చక్రం పెట్టకు. కట్టేసిన మొదటి రెండు వారాలూ గట్టెక్కకపోతే ఇంకా మంచిది. తూముల దగ్గర, ఎలకలు, ఎండ్రకాయలు తవ్విన చోట పైన పచ్చగడ్డి ఉన్నా కింద డొల్లే.

తోటలో ఒంపు తిరిగేటప్పుడు వెనక డిఫరెన్షియల్ విడిపోయే, అంటే వెనక రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే టర్ఫ్ మోడ్ ఉంటే అది వెయ్యి. బండి చిన్న వలయంలో తిరుగుతుంది, గడ్డి లేవదు, కొబ్బరి పాదులు చెదరవు. ఆ మోడ్ లేని బండి కొనకు.

టైర్ల దగ్గర అందరూ ఒకటే పొరపాటు చేస్తారు, బురద అనగానే అంగుళమున్నర లోతు కట్టలున్న (పైకి పొడుచుకొచ్చే రబ్బరు దిమ్మలున్న) పెద్ద టైర్లు వేయించేస్తారు. మన ఒండ్రుమట్టి జిగట. ఆ కట్టల మధ్య పేరుకుని టైరు బూరెలా గుండ్రమైపోతుంది. కట్టలు దూరదూరంగా ఉండి, తిరిగేటప్పుడు మట్టి తనంతట విదిలించుకునే రకం కావాలి. టైరు మందం 6 ప్లై (పొరలు) చాలు, కొబ్బరి మోళ్ళున్న తోటైతే 8. కంపెనీ సైజుకి రెండంగుళాలు మించి పెంచకు. చక్రం పెద్దదైతే గేరు పొడుగైనట్టే లెక్క, ఆ భారమంతా మళ్ళీ బెల్టు మీదే పడుతుంది. గాలి మామూలుగా 12 నుంచి 15 పీఎస్ఐ. లంకల్లో ఇసుక మీదికి వెళ్ళేటప్పుడు 8 నుంచి 10కి దింపు, తిరిగి గట్టెక్కగానే పట్టించు. 12 వోల్టుల చిన్న పంపు సీటు కింద పడుంటుంది. తక్కువగాలితో గట్టినేల మీద ఒంపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది.

లంకల్లో తడి ఇసుక మెరుస్తుంటే దాని మీద ఆగకు. అంతర్వేది వైపు అయితే ఆరు గంటలకోసారి పోటూ పాటూ మారుతుంది. పొద్దున్న గట్టిగా ఉన్న చోటే మధ్యాహ్నానికి ఇరుసు దాకా దిగిపోతుంది. సముద్రపొడ్డుకి మాత్రం బండి తీసుకెళ్ళకు. చలికాలం నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక అది. టైరు గాడిలో పడిన పిల్ల ఎక్కి రాలేదు. కోరింగ మడ అడవి అభయారణ్యం, దాని పేరే ఎత్తకు.

వించ్, అంటే దిగబడిన బండిని తాడు చుట్టుకుంటూ బయటికి లాగే మోటారు, తప్పదు. లెక్క తేలిక: బండి, మనుషులు, సామాను కలిపి ఎంతైతే అంతకి ఒకటిన్నర రెట్లు. నీకు మొత్తం టన్ను అనుకో, టన్నున్నర లాగేది కావాలి. 4,500 పౌండ్లది అంటే 2,000 కిలోల పైమాట, సరిపోతుంది. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి చుట్టకే వర్తిస్తుంది, తాడు నిండుగా చుట్టి ఉన్నప్పుడు బలం తగ్గుతుంది. స్టీలు తాడు వద్దు, సింథటిక్ తీసుకో. తెగినా స్టీలు తాడంత గట్టిగా కొట్టదు, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. దానికి ముందున్న రోలర్లు తీసి నున్నటి అల్యూమినియం హాస్ (తాడు బయటికొచ్చే నోరు) బిగించాలి, లేదంటే తాడు ఒరుసుకుపోతుంది. డ్రమ్ము మీద కనీసం ఎనిమిది చుట్లు మిగలనివ్వు. లాగేటప్పుడు తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వెయ్యి. పూర్తి బరువు మీద వించ్ 200 ఆంపియర్ల పైన తాగుతుంది, ఇంజను ఆడుతుండగానే లాగు. వించ్‌కీ లైట్లకీ కలిపి రెండో బాటరీ, మధ్యలో రెంటినీ విడదీసే ఐసోలేటరు పెట్టించు.

కొబ్బరిచెట్టుకి కట్టాలంటే వెడల్పాటి పట్టీని మోకాలికి దిగువన, మొదట్లోనే చుట్టు. పైన కడితే చెట్టు ఊగి వేళ్ళు తెగుతాయి. కట్టేముందు మాను మీద చిన్న కన్నాలు, వాటినుంచి ఎర్రగా కారిన చారలు ఉన్నాయేమో చూడు. ఎర్రముక్కు పురుగు తిన్న చెట్టు పైకి బాగానే ఉంటుంది, లోపల గుల్ల. లాగితే నీ మీదికే వస్తుంది. చుట్టూ వరిచేలే, చెట్టన్నదే లేదనుకో. నాలుగైదడుగుల తాటిదుంగ తీసుకో. బండికి అడ్డంగా మూడడుగుల లోతు గొయ్యి తీసి, దుంగ మధ్యలో పట్టీ వేసి పాతిపెట్టు. పట్టీ బయటికొచ్చే దారి బండివైపు సన్నగా, ఏటవాలుగా తవ్వాలి. నిటారుగా వస్తే దుంగ పైకి లేచిపోతుంది. ఆ గొయ్యి చేలో తవ్వు, కాలవగట్టు మీద గునపం పడితే కాలవ చూసుకునే లస్కరు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడాను. వించ్ జోలికెళ్ళే ముందు చక్రాల కింద కొబ్బరిమట్టలూ డొక్కలూ తొక్కి చూడు. సగంసార్లు దాంతోనే బయటపడుతుంది.

నీళ్ళలో దిగడానికి స్నార్కెల్ పెట్టిస్తానన్నావు. ఇంజను గాలిగొట్టం ఒక్కటే పైకెత్తి వదిలేస్తారు చాలామంది. సీవీటీకి గాలి వెళ్ళే గొట్టం, వచ్చే గొట్టం, డిఫరెన్షియల్ వెంట్లు కూడా ఎత్తాలి. అన్నీ ఎత్తినా కాళ్ళుపెట్టే పలక దాకా నీళ్ళొస్తే ఆగిపో. టైర్లు గాలి బుడగలే కదా, బండి తేలి ప్రవాహానికి పక్కకి కొట్టుకుపోతుంది.

ఇంజను అరుస్తోంది, బండి కదలదు, కాలిన వాసన లేదు అంటే బెల్టు తడిసింది. కవరు అడుగున బిరడా తీసి నీళ్ళు కార్చి, న్యూట్రల్‌లో ఇంజను వేగం పెంచి తగ్గిస్తూ ఆరబెట్టు. వాసనొస్తే మాత్రం బెల్టు పోయినట్టే. ఇంజను చల్లారాక కవరు బోల్టులు విప్పు, ఒకటి రెండు వెనక చక్రం చాటున ఉంటాయి. వెనక పుల్లీ రెక్కల్ని స్ప్రెడర్ బోల్టుతో విడదీసి పాత బెల్టు తియ్యి. అసలు పని ఆ తర్వాతే. ముక్కలైన బెల్టు దారాలు పుల్లీ వెనక ఇరుసుకి చుట్టుకుని ఉంటాయి. వాటిని వదిలేస్తే సీలు తినేస్తాయి, ఆనక కొత్త బెల్టు మీద ఆయిల్ కారుతుంది. పుల్లీలు బ్రేక్ క్లీనరుతో తుడిచి, గ్రీజు చేతులతో ముట్టకుండా, బాణం గుర్తు తిరిగే దిక్కుకి ఉండేలా కొత్తది వెయ్యి. మొదటి 50 కిలోమీటర్లు బరువు లేకుండా, నిదానంగా నడుపు. కొన్నరోజే ఇంటిదగ్గర తీరిగ్గా ఒకసారి విప్పి బిగించి చూసుకో, చీకట్లో బురదలో కూర్చుని నేర్చుకునే పని కాదది.

రేడియేటరు రెక్కల్లో మట్టి ఎండితే ఇంజను మరుగుతుంది. వెనకవైపు నుంచి మామూలు పంపు నీళ్ళతో కడుగు, ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి. రొయ్యల చెరువుల గట్టు మీద తిరిగిన రోజైతే ఆ సాయంత్రమే మంచినీళ్ళతో అడుగంతా కడిగించాలి, రేపనకూడదు. కరెంటు కనెక్టర్లన్నీ కొత్తలోనే విప్పి డైఎలక్ట్రిక్ గ్రీజు పూయించు. బండి అడుగుని కాపాడే స్కిడ్ ప్లేటుకి అర అంగుళం మందం ప్లాస్టిక్ రకం మేలు, మోళ్ళ మీద జారిపోతుంది. మట్టి కారడానికి కన్నాలున్నాయో లేదో చూడు.

కప్పు పెట్టించు. ముందు అద్దం సగానిదే చాలు. నిండు అద్దమైతే వెనకనుంచి దుమ్ము సుడి తిరిగి లోపలికే వస్తుంది, మే నెలలో ఉడికిపోతావు. నాలుగు పాయింట్ల సీటుబెల్టు, పక్కన వలలు. బండి ఒరుగుతోంటే చెయ్యో కాలో బయటపెట్టి ఆపుదామని చూడకు, చేతులు లోపలే. కాలవలో బోర్లాపడితే బిగిసిన బెల్టు ఊడదు, అందుకని బెల్టు కోసే కత్తి ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి అందేలా కట్టుంచు.

డీలరుకి అడ్వాన్సు పంపకు ఇంకా. మీ పుంత మొదట్లో పంటబోదె మీద సిమెంటు పలక ఉంది చూశావూ, ముందు దాని వెడల్పు, మందం టేపు పెట్టించి కొలిపించి రాయి. దాని కింద ఇనుము వేశారో లేదో పోసిన మేస్త్రీని అడగమను. మీ తోటకి ఉన్న దారి అదొక్కటే.

ఉంటాను మరి. అక్కయ్యని అడిగానని చెప్పు. పనసపొట్టు, ఆవ విడిగా కట్టి బస్సుకి వేశాను, మండపేట దాటేలోపు డ్రైవరుకి ఫోన్ చెయ్యి.

నీ
బావ