ఎర్ర లైటు వెలుగుతుంటే రీసెట్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఈ మధ్య నాలుగు రోజులు ఇంటర్నెట్ రాలేదు. ఫోనులో వైఫై గుర్తు నిండుగానే కనిపించేది. అది ఫోనుకూ రూటరుకూ మధ్య సంబంధం బాగుందని మాత్రమే చెబుతుందనీ, రూటరు నుంచి బయటి లైను సంగతి దానికి పట్టదనీ నాకు అప్పుడే తెలిసింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, రూటరు డబ్బా మీద ఏ లైటు వెలుగుతోందో అడగనైనా అడగకుండా, వెనుకనున్న చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కిపట్టి రీసెట్ చేయమన్నారు, అంటే అందులోని సెట్టింగులన్నీ చెరిపి మొదటి స్థితికి తెమ్మన్నారు. మా ఆవిడ పిన్నీసు తీసుకుని అలాగే నొక్కాను. ఎల్‌ఓఎస్ అనే అక్షరాల దగ్గర ఎర్ర లైటు అంతకుముందు నుంచీ వెలుగుతూనే ఉంది. ఫైబర్ తీగలోంచి రావలసిన కాంతి డబ్బాకు అందడం లేదని దాని అర్థం. అలాంటప్పుడు ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఫలితం ఉండదు.

మూడో రోజు వచ్చిన లైన్‌మన్ వీధి మలుపులోని స్తంభం దగ్గర, చెట్టు కొమ్మలు కొట్టినప్పుడు తెగిన తీగను చూపించి, అరగంటలో అతికించాడు. ఎర్ర లైటు ఆరిపోయి, ఫైబర్ లైను కలిసిందని చెప్పే పీఓఎన్ లైటు పచ్చగా నిలిచింది. అయినా నెట్ రాలేదు! రీసెట్‌తో రూటరులోని పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అంటే రూటరు కంపెనీ నెట్‌లోకి లాగిన్ కావడానికి వాడేవి, చెరిగిపోయాయి మరి. అవి లైన్‌మన్ దగ్గరా లేవు, మా దగ్గరా లేవు. ఆఫీసు నుంచి తెప్పించుకోవడానికి ఇంకో రోజు పట్టింది. విచిత్రమేమంటే, రెండో రోజునే మా ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

ఎర్ర లైటు లేకుండానే నెట్ ఆగితే, ముందు ప్లాన్ గడువు చూసుకుని, డబ్బాను ఆపి మళ్లీ వేసి, లాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటరుకు కలిపి చూడటం మేలు. కేబుల్ మీద వస్తే లోపం వైఫైదే. రీసెట్ రంధ్రం జోలికి మాత్రం ఆ లాగిన్ వివరాలు చేతిలో లేకుండా వెళ్లకూడదు.

కనెక్షన్ ఇచ్చే సంస్థలకు నా విన్నపం రెండే మాటలు. ఫోన్ ఎత్తిన వెంటనే లైటు రంగు అడగండి. కనెక్షన్ పెట్టిన రోజే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంటివారి చేతికివ్వండి.

– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్