రుమాటిక్ గుండె జబ్బు కుటుంబాల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సెప్టెంబర్ 29న, ప్రపంచ హృదయ దినోత్సవం నాడు జరిపిన సదస్సు. హాలు నిండిపోయింది. ఇంట్లో పిల్లలందరికీ గొంతు నొప్పి వచ్చినా ఒక్కరికే కవాటం ఎందుకు దెబ్బతింటుందని తల్లులు ఏళ్లుగా అడుగుతున్నారు. స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పికి మందు వాడని వాళ్లలోనూ గుండె కవాటాన్ని చెడగొట్టే రుమాటిక్ జ్వరం వచ్చేది నూటికి ముగ్గురికి మించదు. వాళ్లలో టీ కణాల (రోగనిరోధక తెల్ల కణాల) గ్రాహకాలు, అంటే శత్రువును గుర్తుపట్టే భాగాలు, ఆ సూక్ష్మజీవి పైనుండే ఎం ప్రోటీన్‌ను పట్టుకోబోయి, దాన్ని పోలిన గుండె కండర ప్రోటీన్ మయోసిన్ మీదా పడతాయి. గ్రాహకాన్ని తయారుచేసే వీ, డీ, జే అనే జన్యు ముక్కలు కణకణానికీ వేరుగా అతుక్కుంటాయి గనుక, అదే గ్రాహకం తోబుట్టువుకూ ఉంటుందనుకోలేం. ప్రోటీన్ తునకలను టీ కణానికి చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మాత్రం తల్లిదండ్రుల నుంచే వస్తాయి. బ్రెజిల్‌లో ఆపరేషన్‌లో తీసిన కవాటాలను పరిశీలిస్తే, రక్తంలో కంటే అక్కడ కొన్ని వీ-బీటా కుటుంబాల (గ్రాహకంలో ఒకే తరహా వీ ముక్క ఉన్న) టీ కణాలే గుంపుగా పెరిగి ఉన్నాయి. ఓషియానియా (పసిఫిక్ దీవుల) ప్రజల్లో, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల గ్రాహకానికి చెందిన ఐజీహెచ్‌వీ4-61 జన్యువు రూపాంతరం ఒకటి ఈ జబ్బు ముప్పుతో ముడిపడినట్టు 2017లో తేలింది. దాన్ని మన పిల్లలకు అంటగట్టలేం. జన్యు పరీక్షలకు డబ్బు పోయకండి. ఫలితం ఏదైనా పెన్సిలిన్ ఇంజెక్షన్ మారదు.

పరిశోధనకు సేకరించిన రక్తంలో కొన్ని నమూనాలు పాడయ్యాయి. ఊదా మూత ఈడీటీఏ గొట్టాన్ని వెంటనే ఎనిమిది, పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయకపోతే రక్తం గడ్డకడుతుంది. ఆకుపచ్చ మూత గొట్టంలోని హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) పీసీఆర్‌కు, అంటే డీఎన్‌ఏను పెంచి చూసే పరీక్షకు, అడ్డం. పేర్లిచ్చిన వాలంటీర్లు రాకపోవడంతో చేతులు చాలలేదు. బాధతోనే ఈ మాట రాస్తున్నాం.

జ్వరం తిరగబెట్టకుండా ఇచ్చే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి: 27 కిలోల లోపు వాళ్లకు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు. మందు చిక్కన, బాగా కలపకపోయినా, సన్న సూది వాడినా మూసుకుపోతుంది. 21 గేజ్ సూదితో కండలోకి లోతుగా, మెల్లగా ఎక్కించాలి. రక్తనాళంలోకి వెళితే ప్రాణాపాయం. తర్వాత అరగంట కూర్చోబెట్టాలి. స్టాకు కోసం పెట్టిన అర్జీలకు సంబంధిత కార్యాలయం ఇప్పటికీ జవాబివ్వలేదు. డోసు తప్పితే జ్వరం తిరగబెట్టవచ్చు, తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకా చెడుతుంది. ఇది తెలిసీ ఫైలు పక్కన పెట్టడాన్ని ఖండిస్తున్నాం.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో జతచేశాం. మిగులు ఇంజెక్షన్ నిధికి వెళ్లింది.

హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం వారికి, వక్తలైన గుండె వైద్యులకు, జన్యుశాస్త్ర అధ్యాపకులకు, టిఫిన్లు వండిన మహిళా సభ్యులకు, ఇంటింటికీ ఫోన్ చేసి డోసు తేదీ గుర్తుచేసిన నర్సమ్మలకు కృతజ్ఞతలు. డోసుల రిజిస్టర్ చూసుకునేందుకు ముగ్గురు కావాలి. పేర్లు సమావేశంలోనే ఇవ్వగలరు.

– కార్యదర్శి